టపాలో వచ్చినవి, సంచిలో వచ్చినవి

చరిత్ర రాసేవాళ్లకు సొంత ఉత్తరాల కట్ట ఒకటి దొరికితే ఒళ్లు తెలియదు. నాకైతే మరీనూ. సర్కారు ఫైలు ఎన్ని చేతులు మారి వస్తుందో నాకు తెలుసు. ఒకడు రాస్తాడు, ఇంకొకడు దిద్దుతాడు, పైవాడు రెండు మాటలు కొట్టేసి సంతకం పెడతాడు. ఫైలు అబద్ధం ఆడకపోవచ్చు గానీ మొహమాటపడుతుంది. అదే మనిషి సాయంత్రం ఇంటికి వెళ్లి, చొక్కా మార్చుకుని, చెల్లెలికి రాసుకునే ఉత్తరంలో ఆ మొహమాటం ఉండదని, అసలు మనిషి అక్కడే దొరుకుతాడని నా నమ్మకం. క్లాసులో కూడా ఇదే మాట బల్ల గుద్ది చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం లేదు. ఎందుకు మానేశానో చెప్పాలంటే మొన్నటి చలికాలం గురించి రాయాలి.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇల్లు మచ్చ బొల్లారంలో. ఆ చలికాలమంతా కాలేజీ అయిపోగానే స్కూటీ వేసుకుని లాల్‌గడి మలక్‌పేటకు వెళ్లేదాన్ని. హకీంపేట దగ్గర విమానాలు నెత్తిమీద నుంచి పోతుంటాయి. తూంకుంట దాకా లారీల వెనక పొగ మింగాలి. దేవరయాంజాల్ దాటి, శామీర్‌పేట దాటి ఆ ఊరు చేరేసరికి ముక్కు నిండా దుమ్ము, మనసు నిండా చిరాకు. మా ఆయన రోజూ ఒకటే పాట.

"పీహెచ్‌డీ అయ్యి ఎన్నేండ్లాయె, ఇంకా గా ముసలామె ఇంటి సుట్టు తిరుగుడేంది? గామెకు నువ్వేమన్న కోడలివా?"

కోడలినైతే ఇంత తిరిగేదాన్ని కాదని చెప్పేదాన్ని.

ఆ ముసలామె ఒక దౌత్యవేత్తకు చెల్లెలు. ఆయన ఈ ఊళ్లోనే, పేద క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదివి, పెద్ద పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరినవాడు. దౌత్యం జీతానికి, ఫారసీ ప్రాణానికి. పాత రాతప్రతులు పట్టుకుంటే భోజనం గుర్తుండేది కాదట. మన దేశం ఒక పొరుగు దేశంతో సరుకుల రవాణా ఒప్పందం చేసుకున్నప్పుడు అక్కడి రాజధానిలో కూర్చుని మాటలు నడిపింది ఆయనే. ఆ ఒప్పందం మీదే నా పుస్తకం. ఆయనకు పిల్లలు లేరు, భార్య ముందే పోయింది, కొన్నేళ్ల కిందట ఆయనా పోయాడు. అక్కడి నుంచి చెల్లెలికి ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. ఆమె మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై, చర్చికి ఎదురుగా రెండు గదుల ఇల్లు కట్టుకుని ఒక్కతే ఉంటోంది. ఇంటికి మూడు వైపులా ఒకప్పుడు పొలాలు ఉండేవట, ఇప్పుడు రంగు రాళ్లు పాతిన ప్లాట్లు.

ఉత్తరాలను ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిచ్చింది. మొదటి రోజు నుంచి నన్ను బిడ్డా అంది, నేను పెద్దమ్మా అన్నాను. అంతవరకు సాఫీగానే నడిచింది.

ఆ ఫొటోలు పెట్టుకుని నేను రాసిన అధ్యాయం చూసుకుని మురిసిపోయాను. దాచుకోవడం దేనికి, బాగా మురిసిపోయాను. సంగతి ఏమిటంటే, ఢిల్లీకి పంపిన రిపోర్టుల్లో ఆయన "వీళ్లు మాట మీద నిలబడే రకం కాదు, తొందరపడకండి" అని హెచ్చరిస్తాడు. అదే వారం చెల్లెలికి రాసిన ఉత్తరంలో మాత్రం "ఇక్కడి మంత్రి నిక్కమైన మనిషి, మనవాళ్లే లేనిపోని అనుమానాలు పెట్టుకుని ఆలస్యం చేస్తున్నారు" అంటాడు. ఒకసారి కాదు, పదే పదే. నాకింకేం కావాలి? పైవాళ్లకు నచ్చేది ఫైల్లో రాసి, మనసులో ఉన్నది ఇంటికి రాసుకున్నాడని, రెండు నాలుకల మనిషని, ఆ రెండు నాలుకల వల్లే ఒప్పందం అన్ని నెలలు నానిందని తేల్చేశాను. ఒక్కటే కొరుకుడు పడలేదు. అన్నాళ్లు బిగుసుకుని కూర్చున్న అవతలివాళ్లు ఒక నెలలో ఉన్నట్టుండి తమ షరతు వదులుకుని సంతకానికి వచ్చారు. ఎందుకో ఏ ఫైల్లోనూ లేదు. అక్కడ "కారణం తెలియదు" అని రాసి ముందుకు పోయాను.

ప్రచురణకర్తల ఎడిటర్ ఢిల్లీ నుంచి ఫోన్ చేసి అధ్యాయం అద్భుతమంది. అచ్చుకు వెళ్లాలంటే ఉత్తరాలు ఎవరివో వాళ్ల అనుమతి కాగితం పంపమంది. కాగితం పట్టుకుని లాల్‌గడి మలక్‌పేట వెళ్తే పెద్దమ్మ దాన్ని మంచం మీద పెట్టి, పైన కళ్లజోడు పెట్టింది.

"ముందుగాల నువ్వు రాసింది సదివి ఇనిపియ్యి. నాకు కండ్లల్ల మసకొచ్చింది. మంచిగుంటే సంతకం జేస్త. లేకుంటే ఒక్క ముక్క గూడ వాడొద్దు."

హెడ్‌మిస్ట్రెస్ కదా, చదవక తప్పలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చదివాను. ఆమె మునగాకు తుంచుతూ విన్నది. మధ్యలో ఒకట్రెండు చోట్ల నా ఇంగ్లీషు కూడా దిద్దింది. రెండు నాలుకల మాట దగ్గరికి వచ్చేసరికి తుంచడం ఆగింది. ఆమె లేచి వాకిట్లోకి వెళ్లింది, ఊరికే నిలబడింది, మళ్లీ వచ్చింది, కూర్చోలేదు.

"గిది ఎవల సంగతి రాసినవ్ బిడ్డా?"

"మీ అన్న సంగతే పెద్దమ్మా."

"మా అన్న గసొంటోడు గాడు."

ఇంటివాళ్లు ఈ మాట అనకపోతే ఆశ్చర్యపోవాలి గానీ అంటే ఏముంది? నా పనిలో ఎన్నిసార్లు విన్నానో. పోయినవాళ్లందరూ దేవుళ్లే. నాకు ఒళ్లు మండింది.

"నేను కల్పించి రాయలే పెద్దమ్మా. ఉత్తరంల ఏముందో గదే రాసిన."

"ఏ ఉత్తరంల? టపాల వచ్చినదాంట్లనా, సంచిల వచ్చినదాంట్లనా?"

నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. అప్పుడు కూర్చుంది. బడిలో మందబుద్ధి పిల్లకు చెప్పినట్టు చెప్పింది. మామూలు టపాలో వేసిన ఉత్తరాన్ని ఆ దేశంవాళ్లు తెరిచి చదివి, మళ్లీ అంటించి పంపేవాళ్లట. రాయబార కార్యాలయం నుంచి ఢిల్లీకి వెళ్లే సీలు వేసిన సంచిని మాత్రం ఎవరూ ముట్టడానికి లేదు. కాబట్టి కొన్ని ఉత్తరాలను అన్న ఆ సంచిలో వేసేవాడు, ఢిల్లీలో ఎవరో వాటిని తీసి, మన స్టాంపు అంటించి అక్కడి పోస్టు డబ్బాలో వేసేవారు. ఒప్పందం అయ్యాక ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయనే చెల్లెలికి ఈ గుట్టు చెప్పాడట.

"ఏమన్నడో తెలుసా? 'టపాల వచ్చేది ఊరందరికి, సంచిల వచ్చేదే నీకు' అన్నడు. గా మంత్రి మంచోడు, మనోళ్లే తప్పు అని రాసినవన్ని తెరిచి సదివెటోళ్ల కోసం రాసినయ్. గాళ్లను మెత్తగ జెయ్యనీకి. నవ్వుకుంట జెప్పిండు నాకు."

నేను కాగితాలు సర్దుకుని బయటపడ్డాను. స్కూటీ స్టార్ట్ కాలేదు, తన్ని తన్ని కాలు నొప్పి పుట్టింది.

ఆ రోజు నుంచి నాకు కుదురు పోయింది. వంటింట్లో పాలు పొంగిపోయేవి. క్లాసులో ఒక దండయాత్ర మధ్యలో ఆగి, ఇంతకీ ఏ రాజు గురించి చెబుతున్నానో పిల్లలనే అడిగాను. బుర్రలో ఒకటే రొద. ఆమె చెప్పింది నిజమైతే నా అధ్యాయం మొత్తం తలకిందులు. నేను అసలు మనిషి అనుకుని పట్టుకున్నది, అవతలివాళ్ల కోసం ఆయన కట్టిన వేషం. అంత పండితుడు వేసిన ఎరను ఆ దేశంవాళ్లు మింగారో లేదో తెలియదు గానీ, ఇన్నేళ్ల తర్వాత ఒళ్లంతా కళ్లు చేసుకున్న నేను మాత్రం చక్కగా మింగాను.

కానీ ఆమె చెప్పింది నిజమని ఎలా నమ్మేది? అన్నను కాపాడుకోవడానికి ఇప్పుడు అల్లిన కథ కాదని ఏమిటి? ఆమె తప్ప వేరే సాక్షి లేడు. ఏ ఉత్తరం ఏ దారిన వచ్చిందో చెప్పాల్సింది స్టాంపు. టపాలో వస్తే ఆ దేశపు స్టాంపు ఉంటుంది, సంచిలో వచ్చి ఢిల్లీలో డబ్బాలో పడితే మన స్టాంపు ఉంటుంది. ఆ కవర్లను నేను ఫొటో తీయనే లేదు. ఉత్తరాలు తప్ప కవర్ల మీద నాకు ధ్యాస లేదు. తీసి పక్కన పడేసేటప్పుడు చాలావాటికి మూల కత్తిరించి ఉందని మాత్రం గుర్తుంది. స్టాంపుల పిచ్చి ఉన్న ఏ పిల్లవెధవో కోసుకుపోయి ఉంటాడని అప్పుడే తిట్టుకున్నాను.

ఎడిటర్ నుంచి మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. అనుమతి ఏమైంది, అనుమతి ఏమైంది. నేను జవాబు టైపు చేసి, కొట్టేసి, మళ్లీ టైపు చేసేదాన్ని. మా ఆయన చూసి చూసి, "గామె మాట పట్టుకుంటే పుస్తకం పాయె, పట్టుకోకుంటే నీ నిద్ర పాయె. ఏదో ఒకటి పోగొట్టుకో, ఇంట్ల మాకు జర శాంతి ఉంటది" అన్నాడు. కోపం వచ్చింది గానీ మాట మాత్రం నిజం.

చివరికి ఉండబట్టలేక మళ్లీ వెళ్లాను. పెద్దమ్మ చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, బైబిలు చేతిలోనే ఉంది. వందనాలు కూడా సరిగా చెప్పకుండా నా గోడు వెళ్లబోసుకున్నాను.

"మీ మాట నాకు నమ్మబుద్ధయితది పెద్దమ్మా. కాని పుస్తకంల మీ మాటొక్కటే రాస్తే ఎవ్వలు నమ్మరు. స్టాంపులుంటే ఎంత మంచిగుంటుండె. గవి కోసినోళ్ల చేతులు ఇరగ!"

"నేనే కోసిన."

నాలుక కరుచుకున్నాను. ఆమె మాత్రం నవ్వింది.

"అప్పట్ల మా చర్చిల ఓ రేకు డబ్బ ఉంటుండె. బయిటి దేశాల స్టాంపులు అండ్ల ఎయ్యాలె. అవి జమజేసి మిషనోళ్లు ఎక్కడికో పంపుతుండ్రి. అవి కొనెటోళ్లు ఉంటరట, గా పైసలు కుష్టు దవాఖానకు పోతుండె. నా లెక్క స్టాంపులు ఏసినోళ్లు ఎవ్వలు లేకుండిరి. అన్న ఉత్తరం అచ్చిందంటే పాస్టరమ్మ నాకంటే ఎక్కువ సంబరపడుతుండె."

"అయితే అన్ని కవర్లకు కోసేసిన్రు, అంతేనా?"

"అన్నిటికి ఎందుకు కోస్త? మన స్టాంపులు ఎవలు గొంటరు? ఆటిని ముట్టుకోలే."

నేను లేచి నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆమె నా వైపు చూస్తూ "ఏమైంది బిడ్డా, పరేషాన్ ఎందుకైతున్నవ్?" అంది. కోసేసిన స్టాంపు పోయింది నిజమే. కానీ కోశారంటేనే అది బయటి దేశపు స్టాంపు. మూలకు కంత ఉన్న కవరు టపాలో వచ్చింది. కంత లేని కవరు సంచిలో వచ్చింది. ప్రపంచంలో ఏ రాయబారి ఉత్తరాలకూ ఇలాంటి గుర్తు ఉండదేమో. కుష్టురోగుల కోసం ఒక చర్చి పెట్టుకున్న అలవాటు ఆ గుర్తు పెట్టింది. నేను దాన్ని చూసి ఏ పిల్లవెధవ పనో అనుకున్నాను.

"కవర్లు ఉన్నయా పెద్దమ్మా?"

"యాడికి పోతయ్? ఏ ఉత్తరం కవరు దానికే ఉంది. నువ్వు పడేసి పోతే నేనే మల్ల సర్ది పెట్టిన."

ట్రంకు పెట్టె మంచం మీదకు ఎక్కించాం. నేను వేరుచేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. కళ్లు సరిగా కనబడకపోయినా ఒక్కొక్క కవరు తీసి బొటనవేలితో మూల తడిమేది. కంత తగిలితే ఎడమ పక్కకు, తగలకపోతే కుడి పక్కకు. బడిలో పరీక్ష పేపర్లు దొంతర పెట్టినంత చకచకా పెట్టింది. నేను ఒక్కొక్కటీ విప్పి చదివాను. తలెత్తకుండా చదివాను. చాయ్ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టింది, అదీ చల్లారింది.

ఎడమ పక్క దొంతరలో మంత్రి గొప్పతనం, మనవాళ్ల అనుమానం, ఒప్పందం కుదిరితే రెండు దేశాలకూ ఎంత మేలో అన్న ఉపన్యాసం. కుడి పక్క దొంతరలో విసుగు, భయం, "ఈ మనిషి నా కళ్లలోకి చూస్తూ అబద్ధమాడాడు" లాంటి మాటలు, వాటి మధ్యలో ఒక ఫారసీ పద్యంలో తాను పట్టుకున్న పాఠం తప్పు గురించి మూడు పేజీలు. కుడి పక్కవి ఢిల్లీ ఫైళ్లతో మాటకు మాట సరిపోయాయి. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. ఆయన తన సర్కారుకు ఏం చెప్పాడో చెల్లెలికీ అదే చెప్పాడు. నా అధ్యాయం బూడిద.

సిగ్గు వేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా గాల్లో తేలినట్టయింది. ఇంతకన్నా మంచి అధ్యాయం నా కళ్ల ముందే, మంచం మీద, రెండు దొంతరలుగా ఉంది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

"సూసినవా? చెప్పలే నేను?"

"చెప్పిన్రు పెద్దమ్మా. నాదే తప్పు. మొత్తం తిరిగి రాస్త. మీ అన్న ఎంత నిక్కమైన మనిషో గదే రాస్త."

"గట్ల రాయి. రాసినంక తెచ్చి సదువు. ఇగ సంతకానిదేముంది, ఇప్పుడే జేస్త, ఇటియ్యి కాయితం." పెన్ను చేతిలోకి తీసుకుని ఆగింది. "ఒక్కటి మటుకు ఇయ్య. గది నాది. గది తప్ప అన్ని వాడుకో. గట్లనే రాసి సంతకం జేస్త."

అలాగే రాసింది. 'తల్లి మరణం గురించిన ఉత్తరం మినహా' అని ముత్యాల్లాంటి ఇంగ్లీషులో రాసి సంతకం చేసింది. నేను ఆ ఉత్తరం చూడలేదు, నాకు ఇచ్చిన కట్టలో అది లేదు. నేను అడగలేదు కూడా. అన్న పేరు నిలబడిందన్న సంతోషంలో ఆమే బైబిలు తెరిచింది. కీర్తనల మధ్య నుంచి కవరు తీసింది.

"కండ్లు పోయినంక దీన్ని సదివెటోళ్లు లేరు నాకు. నువ్వు సదువు, ఇంట. అమ్మ పోయినప్పుడు రాసిండు. సెలవియ్యలేదట ఢిల్లీ వాళ్లు. కన్నతల్లి మట్టికి కూడ రానియ్యలే. గందుకే నాకు గా ఢిల్లీ అంటెనే మంట. అమ్మ జ్ఞాపకం కూడికల నేను గీ ఉత్తరం చర్చిల నిలబడి సదివిన. ఏడ్వనోళ్లు లేరు."

నేను కవరు అందుకున్నాను. వేలు కంతలోకి పోయింది.

కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను. మొదట అమ్మ గురించి. అమ్మ చేతి జొన్నరొట్టె గురించి, తనను బడికి నడిపించిన దారి గురించి రాశాడు. మంచి ఉత్తరం. తర్వాతి పేరా ఇలా ఉంది. "సెలవు కోసం ప్రాధేయపడ్డాను. ఢిల్లీ ఒప్పుకోలేదు. ఈ ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా, కన్నతల్లిని పాతిపెట్టడానికైనా సరే, ఇక్కడి నుంచి కదలొద్దన్నారు. మనవాళ్లు దీన్ని ఎంత గట్టిగా కోరుకుంటున్నారో దీన్ని బట్టి తెలుసుకో. అవతలివాళ్లు ఇప్పుడు ఒక్క అడుగు ముందుకు వేస్తే మనవాళ్లు రెండు వేస్తారు."

చెల్లెలికి తల్లి చావు గురించి రాసే ఉత్తరంలో ఆ చివరి మాటకు పనేమిటి? నేను పైన ఉన్న నెల చూశాను. అవతలివాళ్లు షరతు వదులుకున్న నెల. నేను "కారణం తెలియదు" అని రాసిన నెల.

నిజం చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషం. ఇన్నాళ్లుగా ఎవరికీ చిక్కని కారణం నా చేతిలో ఉంది. ఆ సంతోషం తగ్గకముందే ఇంకొకటి గుర్తొచ్చింది. ఢిల్లీలో పాత ఫైళ్లు తిరగేస్తున్నప్పుడు, అదే నెలలో ఆయనకు పంపిన ఒక తంతి చదివాను. తల్లి పోయిందని తెలిసింది, మా సానుభూతి, వెంటనే సెలవు మీద వెళ్లిరండి, మీ పని ఇంకొకరు చూస్తారు. అంతే. నా అంశంతో సంబంధం లేదని పేజీ తిప్పేశాను. వెళ్లొచ్చి ఉంటాడనే అనుకున్నాను. ఆయన వెళ్లలేదు. వెళ్లనివ్వలేదని చెల్లెలికి రాసి, ఆ ఉత్తరాన్ని నలుగురూ తెరిచే టపాలో వేశాడు.

నేను చదవడం ఆపేశాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది. మిగతాది ఆమెకు కంఠతా వచ్చు కాబట్టి పెదవులు కదులుతున్నాయి. అవి కూడా ఆగాయి.

"కవరు ఇటియ్యి" అంది.

ఇవ్వకుండా ఉండాల్సింది అనుకున్నాను గానీ, ఇంతసేపూ ప్రతి కవరూ తడిమి వేరుచేసింది ఆమే. ఇచ్చాను. ఆమె బొటనవేలు మూల దగ్గరికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. రోడ్డు మీద ప్లాట్లు అమ్మేవాళ్ల ఆటో ఒకటి మైకులో అరుచుకుంటూ పోయింది.

"సంచి వారానికోసారే పోతది పెద్దమ్మా" అన్నాను. నా మాట నాకే తొందరగా, పెద్దగా వినిపించింది. "అమ్మ పోయిందన్న తొందరల జల్దీ అందాలని టపాల ఏసుంటడు. గట్ల గూడ జరుగుతది."

"సెలవియ్యలేదని రాసిండు గదా. గది నిజమేనా?"

"పెద్దమ్మా..."

"నువ్వు ఢిల్లీల కాయితాలన్ని సదివినవ్ గదా. ఏముంది అండ్ల?"

ఇవ్వలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. కానీ ఆమె అడిగిన తీరు బడిలో అడిగినట్టుంది, ఆ గొంతు ముందు నాకు అబద్ధం పెగలలేదు. అదొక్కటే కాదు. ఆ తంతి లేకుండా కొత్త అధ్యాయం నిలబడదని నాకు అప్పటికే తెలుసు. అచ్చులో ఇంకెవరో చదివి చెబితే ఆమె వినాల్సి వస్తుంది.

"ఇచ్చిన్రు పెద్దమ్మా. పోయి రమ్మని టెలిగ్రాం ఇచ్చిన్రు. మీ అన్నే పోలే."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నేను చూశాను. కొంగుతో బైబిలు అట్ట తుడిచింది, తుడిచిందే మళ్లీ తుడిచింది. నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు, లేచిపోవడం అసలు చేతకాలేదు. స్టూలు మీద అటూ ఇటూ కదులుతూ ఉండిపోయాను.

"అమ్మను పెట్టెల వెట్టి, రెండో దినం పొద్దుమూకే దాక ఉంచిన. వస్తడేమోనని" అంది. "పాస్టరు గారు ఇగ ఆగొద్దన్నడు. మట్టిజేసినం. ఉత్తరం అచ్చినంక ఇన్నేండ్లు ఢిల్లీ వాళ్లను తిట్టుకున్న."

నేను ఉత్తరం మడిచాను. మడిచి, ఆమె చేతిలోని కవరు కోసం చేయి చాపి, మళ్లీ బైబిల్లో పెట్టేద్దామనుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది. కవరు తెచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"తీస్కపో."

"వద్దు పెద్దమ్మా. ఇది మీది. మినహా అని మీరే రాసిన్రు. దీన్ని నేను ముట్టుకోను. పుస్తకంల దీని మాటే ఎత్తను."

"గా మినహా అన్నది కొట్టెయ్యి. టపాల వచ్చింది నాకు రాసింది గాదు. నాది గానిదానికి నన్నడుగుడెందుకు బిడ్డా?"

వద్దని ఇంకొక్కసారి అనాల్సింది. కవరు బ్యాగులో పెట్టుకున్నాను.